పెద్ద రివాల్వర్ కొనండి, చిన్న తూటా నింపండి

అమెరికాలో గన్ షాపు కౌంటర్ ముందు నిలబడి తొలిసారి రివాల్వర్ కొనబోయేవాళ్లకి వినిపించే సలహా ఎక్కడైనా దాదాపు ఒకటే. ‘కొంటే .357 మాగ్నమే కొను, కొన్నాక అందులో మాగ్నమే వెయ్యి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శక్తి చాల్లేదని ఏడవడం కన్నా మిగిలిందనుకోవడం మేలు కదా.’ ఇందులో మొదటి మాట బంగారం. మిగతాదంతా కొత్తవాళ్లని పాడుచేసే మాట. .357 రివాల్వర్ కొనండి. అందులో .38 స్పెషల్ నింపండి. ఏళ్ల తరబడి అదే నింపండి. ఎప్పటికీ అదే నింపినా తప్పులేదు.

నేను చెప్పేవన్నీ ఇలాగే తలకిందులుగా కనిపిస్తాయి. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, గ్రీన్‌కార్డో పౌరసత్వమో చేతికొచ్చాక ఇంట్లో ఒక తుపాకీ ఉంటే బాగుంటుందనుకునే మనవాళ్లు ఈ విషయం అడుగుతూ ఉంటారు. చాలామంది అప్పటికే నాలుగు వీడియోలు చూసి, ఆఫీసులో స్నేహితుణ్ని అడిగి, పెద్ద తూటా వైపు మనసు ఖాయం చేసుకుని వస్తారు. వాళ్ల మనసు మార్చాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ రెండు తూటాల సంగతి తెలియాలి. .38 స్పెషల్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తెచ్చిన తూటా. .357 మాగ్నమ్ 1935లో అదే కంపెనీ దాన్నే సాగదీసి తెచ్చింది. రెండింటి గుండు మందమూ ఒక్కటే, అంగుళంలో 0.357 వంతు. తేడా ఇత్తడి గొట్టం పొడవులో ఉంది. మాగ్నమ్ గొట్టం సుమారు మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. పాత .38 రివాల్వర్‌లో ఎవరైనా పొరపాటున మాగ్నమ్ వేస్తే అది పేలిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకని అసలు లోపలికే పోకుండా ఆ పొడవు పెట్టారు. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ నిక్షేపంగా వేసుకోవచ్చు, .38 రివాల్వర్‌లో .357 వేయకూడదు. ఒక జాగ్రత్త: .38 ఎస్ అండ్ డబ్ల్యూ అని ఇంకో పాత తూటా ఉంది, అది వేరే జాతి. పెట్టె మీద ‘స్పెషల్’ అన్న మాట చూసే కొనండి.

శక్తి లెక్క ఇదీ. .38 స్పెషల్ లోపలి ఒత్తిడికి పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 17,000 పౌన్లు, మాగ్నమ్‌కి 35,000. పది గ్రాముల పైచిలుకు బరువుండే 158 గ్రెయిన్ల గుండుని .38 సెకనుకి సుమారు 750 అడుగుల వేగంతో పంపుతుంది. అదే గుండుని మాగ్నమ్ 1,200 దాటించి పంపుతుంది. గుండులో ఉండే శక్తి రెండున్నర రెట్లు పైమాటే. ఈ అంకెలు కౌంటర్ మీద పరిస్తే ఎవరి మనసైనా పెద్దదాని వైపే పోతుంది. అయితే ఆ శక్తి గుండుతో పాటు ముందుకి మాత్రమే పోదు, వెనక్కి మీ అరచేతిలోకీ వస్తుంది. ఒకే బరువున్న రివాల్వర్‌లో ఈ రెండూ కాల్చి చూస్తే మాగ్నమ్ తన్నుడు .38 తన్నుడికి మూడింతలు దాకా ఉంటుంది. ఆ అంకె పెట్టె మీద ఎవరూ అచ్చువేయరు.

నాలుగు తూటాలు, రెండు ఖాళీ గొట్టాలు

నా చేతికి మాగ్నమ్ ఓ లెక్కా అనుకునేవాళ్లు ఉంటారు. జిమ్‌లో బరువులెత్తే కుర్రాళ్లు మరీనూ. వాళ్లతో వాదన పెట్టుకోను. రేంజ్‌లో ఒక చిన్న పరీక్ష చేయమంటాను. రివాల్వర్‌లో ఈ పరీక్ష ఎంత తేలికో పిస్టల్‌లో అంత తేలిక కాదు.

మీ పక్కనున్నవాళ్ల చేతికి రివాల్వర్ ఇవ్వండి. ఆరు గదుల్లో నాలుగింట్లో మంచి తూటాలు, రెండింట్లో అప్పటికే కాల్చేసిన ఖాళీ గొట్టాలు వేసి, మీరు చూడకుండా సిలిండర్ తిప్పి మూసి మీకిస్తారు. ఏ గదిలో ఏముందో మీకు తెలీదు. గురిపెట్టి మామూలుగా కాల్చుకుంటూ పోండి. సుత్తి ఖాళీ గొట్టం మీద పడినప్పుడు టక్ మన్న శబ్దం తప్ప ఏమీ ఉండదు. ఆ క్షణంలో తుపాకీ కదలకుండా నిలబడాలి. మాగ్నమ్‌తో నేర్చుకున్నవాళ్ల తుపాకీ నిలబడదు. మూతి గబుక్కున కిందికి దిగుతుంది, ఒక్కోసారి బెత్తెడు. భుజాలు ముందుకి పడతాయి, కళ్లు మూతపడతాయి. పేలుడు లేదు కాబట్టి ఆ కదలికంతా బయటపడింది. పేలుడు ఉన్న నాలుగుసార్లూ కూడా అదే జరిగింది, తన్నుడు చాటున కనపడలేదంతే. గుండు అప్పటికే బొమ్మకి కిందుగా పోయింది.

దీన్ని నేను ఉలికిపాటు అంటాను. ఇది పిరికితనం కాదు. చెవి దగ్గర ఢామ్మని పేలబోతోందని, చేతిలోది ఎగిరిపడబోతోందని శరీరానికి ముందే తెలుసు. దాన్ని అణచడానికి మనల్ని అడక్కుండా తనే ఒక తోపు తోస్తుంది. ఎంత గట్టి మనిషికైనా అంతే, కండ పెరిగితే ఇది పోదు. పైగా ప్రతి పెద్ద పేలుడూ దాన్ని ఇంకాస్త గట్టిపరుస్తుంది. మొదటి నెలలో పట్టుకున్న ఉలికిపాటుని వదిలించుకోవడానికి ఏడాది పట్టినవాళ్లు ఉన్నారు. వదిలించుకోలేక తుపాకీ అమ్మేసినవాళ్లూ ఉన్నారు.

మందేమిటంటే తక్కువ మందున్న తూటాయే. 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ అని .38 స్పెషల్‌లో ఒక రకం దొరుకుతుంది. గుండు ముందు కొస మొనదేలి ఉండదు, కోసినట్టు చదునుగా ఉంటుంది. చాలా నెమ్మదిగా పోతుంది. కాగితం మీద తగిలిన చోట అంచులు చిరక్కుండా గుండ్రంగా తెగి, పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. నాలుగంగుళాల బారెల్ ఉన్న ఉక్కు రివాల్వర్‌లో దాన్ని కాలిస్తే తుపాకీ చేతిలో చిన్నగా కదిలి మళ్లీ గురి మీదికి తనే వచ్చి కూర్చుంటుంది. ట్రిగ్గర్ ఎప్పుడు తెగిందో, అప్పుడు ముందు సైట్ ఎక్కడుందో మీ కంటికి కనిపిస్తుంది. గురి నేర్చుకోవడమంటే ఆ రెండు సంగతులూ చూడగలగడమే. మాగ్నమ్ కాల్చేవాళ్లకి మంట కనిపిస్తుంది, అది ఆరాక ఖాళీ అయిన బొమ్మ కనిపిస్తుంది.

దూరం పెంచమని తొందరపెట్టేవాళ్లు ఉంటారు, వినకండి. ఏడు గజాల దగ్గర అరచేతి వెడల్పులో ఆరూ పడేదాకా వెనక్కి జరగకండి. పెట్టెడు తూటాలు పూర్తి చేయాలన్న పట్టుదలా వద్దు. చెయ్యి అలసిందనిపిస్తే మిగిలినవి ఇంటికి తెచ్చుకోండి. అలసిన చేతితో కాల్చిన ప్రతి తూటా తప్పునే నేర్పుతుంది. ఇంట్లో, ఖాళీ తుపాకీతో, తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాలు వేసుకుని ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయండి. ఈ సాధనకి పైసా ఖర్చు లేదు, శబ్దం లేదు. రేంజ్‌లో వచ్చే మెరుగులో సగం ఇక్కడే వస్తుంది.

‘ఆడవాళ్లకి చిన్నది’ అనకండి

కౌంటర్ల దగ్గర వినే మాటల్లో నాకు ఒళ్లు మండేది ఇది. భార్యాభర్తలు వస్తారు. ఆవిడ చేతులు చిన్నవని, హ్యాండ్‌బ్యాగులో పడుతుందని అరచేతిలో ఇమిడిపోయే తేలిక రివాల్వర్ ఒకటి తీసి చూపిస్తారు. పట్టుకుంటే ముద్దుగా ఉంటుంది, కొనేస్తారు. ఒకసారి కాల్చాక దాన్ని మళ్లీ ముట్టుకోరు.

స్మిత్ అండ్ వెస్సన్ 340పీడీ అనే రివాల్వర్ బరువు 11.4 ఔన్సులు, అంటే పావుకిలో కన్నా కాస్త ఎక్కువ. టైటానియం సిలిండర్, రెండంగుళాల లోపు బారెల్. అందులో .357 మాగ్నమ్ వేయొచ్చు. అదే కంపెనీ 686 మోడల్ నాలుగంగుళాల బారెల్‌తో కిలో దాటి ఉంటుంది. ఒకే తూటా ఈ రెండింట్లో కాలిస్తే తన్నుడు శక్తి తుపాకీ బరువుకి విలోమంగా మారుతుంది. బరువు మూడున్నర రెట్లు తగ్గితే తన్నుడు మూడున్నర రెట్లు పెరుగుతుంది. పదో తరగతి ఫిజిక్స్ చదివిన ఎవరైనా ఈ లెక్క వేయగలరు. ఇంత చిన్నదాంట్లో మాగ్నమ్ వేసి ఐదు గుళ్లు వరసగా కాల్చగల మనిషి అరుదు. ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం తుపాకీ బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, నొక్కేటప్పుడే గురి పక్కకి పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. అంత తేలిక తుపాకీ వెనక్కి తన్నినప్పుడు సిలిండర్‌లో ఇంకా కాలని తూటాలు కూడా దానితోపాటు వెనక్కి పోతాయి. వాటిలోని గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. బిగింపు చాలకపోతే గుండు గొట్టంలోంచి కొంచెం ముందుకి జారుతుంది. అలా జారిన గుండు సిలిండర్ ముందుకి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు, రివాల్వర్ బిగుసుకుపోతుంది. ఎప్పుడూ పనిచేస్తుందనే కదా రివాల్వర్ కొన్నారు!

కాబట్టి కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లయినా మగవాళ్లయినా బరువైనదే కొనండి. ఉక్కుది, నాలుగంగుళాల బారెల్‌ది, పిడి పెద్దగా రబ్బరుతో ఉన్నది. బ్యాగులో పెట్టుకోవడానికి పనికిరాదు, నిజమే. అసలు రివాల్వర్ ఉండాల్సిన చోటు హ్యాండ్‌బ్యాగు కూడా కాదు.

శక్తి వెంట వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు

పెద్ద తూటా కావాలనేది మామూలు మనుషుల మోజే కాదు, పెద్ద పెద్ద సంస్థలకీ పట్టింది. పట్టినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు కూడా.

బ్రిటిష్ సైన్యం మొదటి ప్రపంచ యుద్ధమంతా .455 వెబ్లీతో చేసింది. వెబ్లీ మార్క్ 6 కిలో పైన బరువుండేది. యుద్ధం ముగిశాక సైన్యం వెనక్కి చూసుకుంటే తెలిసిందేమిటంటే, హడావుడిగా చేర్చుకున్న కొత్త సిపాయిలకి ఆ పెద్ద తూటాతో గురి నేర్పడానికి సమయం చాలదు. దాంతో చిన్నదానికి దిగారు. .38 తూటా, 200 గ్రెయిన్ల గుండు, సుమారు ముప్పావు కిలో బరువుండే ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్. 1930ల మొదట్లో వచ్చిన ఆ రివాల్వర్ రెండో ప్రపంచ యుద్ధం మొత్తం పనిచేసింది. కొంచెం శిక్షణతో ఎక్కువమంది గురి తప్పకుండా కాల్చగలిగేదే సైన్యానికి పనికొచ్చే తూటా అని వాళ్లు నిర్ణయించుకున్నారు. దాని అన్నదమ్ములాంటి .38 వెబ్లీ మార్క్ 4 మన పోలీసు స్టేషన్లలోనూ దశాబ్దాలు ఉంది.

ఎఫ్‌బీఐ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. తమ గుండ్లు చాలినంత లోతుకి పోలేదన్న ఆవేదనతో ఎఫ్‌బీఐ 10 మిల్లీమీటర్ల పిస్టల్‌కి వెళ్లింది. ఆ తన్నుడు భరించడం చాలామందికి కష్టమై, అదే తూటాని తక్కువ వేగంతో తయారు చేయించుకుంది. ఎలాగూ వేగం తగ్గించాక అంత పొడవు గొట్టం దేనికని స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ కలిసి 1990లో పొట్టిగా చేసి .40 తెచ్చాయి. ఎఫ్‌బీఐ అది తీసుకుంది. 2014లో సంస్థ శిక్షణ విభాగమే లెక్కలు తీసి, మంచి గుండు ఉన్న 9 మిల్లీమీటర్లతో ఏజెంట్లు ఎక్కువ వేగంగా, ఎక్కువ కచ్చితంగా కాలుస్తున్నారని రాసింది. మళ్లీ 9కి వచ్చేశారు. అవి రివాల్వర్లు కావు, కానీ మనిషి చెయ్యి ఎక్కడైనా ఒకటే.

ఇక్కడ నా మాటకి ఎదురొచ్చే సాక్ష్యం కూడా దాచకుండా చెప్పాలి. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర నలుగురు హైవే పట్రోల్ అధికారులు ఒకే రాత్రి కాల్పుల్లో చనిపోయారు. శిక్షణలో వాళ్లు కాల్చింది మెత్తటి .38 వాడ్‌కట్టర్. డ్యూటీలో కొందరి రివాల్వర్లలో ఉన్నది .357. చూశావా, చిన్నదానితో సాధన చేస్తే ఇలాగే అవుతుందని మాగ్నమ్ వాళ్లు ఇప్పటికీ ఈ ఉదంతమే చూపిస్తారు. నాకు దాంట్లో కనపడేది వేరు. సాధన ఒకదానితో, కాపలా ఇంకోదానితో చేయడమే అక్కడి తప్పు. సాధనా కాపలా రెండూ .38తోనే చేయండి, ఆ తేడాయే ఉండదు. రేంజ్‌లో .38 కాల్చి, ఇంటికొచ్చి మాగ్నమ్ నింపి బీరువాలో పెట్టే పని మాత్రం ఎవరూ చేయకూడదు. చాలామంది చేసేది అదే.

ఇంకొకటి ఫిలిప్పీన్స్. పంతొమ్మిది, ఇరవై శతాబ్దాల సంధిలో అమెరికా సైన్యం .38 లాంగ్ కోల్ట్ పట్టుకెళ్లి, అది మీదికొచ్చే మనిషిని ఆపలేకపోయిందని .45కి మళ్లింది. ఆ .38 బలహీనమైనదే, కాదనను. అయితే అప్పటి గుండు గుండ్రటి ముక్కున్న మామూలు సీసం. 1970ల నుంచి ఎఫ్‌బీఐ, షికాగో పోలీసులు రివాల్వర్లలో వాడిన .38 వేరు. 158 గ్రెయిన్ల సీసపు గుండు, ముందు బోలు, మందు కాస్త ఎక్కువ. దాన్ని ప్లస్ పీ అంటారు, ఒత్తిడి హద్దు 20,000. పాత .38 రివాల్వర్లలో కొన్ని దాన్ని తట్టుకోవు. మీరు కొన్నది .357 కాబట్టి ఆ బెంగే లేదు, 35,000కి కట్టిన ఉక్కు అది. పెద్ద రివాల్వర్ కొని చిన్న తూటా నింపమనడానికి ఇంకో కారణం ఇదే.

చిన్నదాన్ని చిన్నచూపు చూసే ముందు

మనదేశంలో లైసెన్సున్న పౌరుడికి సాధారణంగా దొరికేది .32 రివాల్వర్. కాన్పూర్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీది చాలాకాలంగా ఉంది. 2014లో అక్కడే నిర్భీక్ పేరుతో అరకిలో బరువున్నదీ వచ్చింది. దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. అందులో పడే తూటా .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ అని ఒక విభాగం ఉంది. నిబంధనల ప్రకారం .30 నుంచి .38 దాకా ఏ సైజైనా వాడుకోవచ్చు. ప్రపంచంలోకెల్లా మంచి గురిగాళ్లకి .38 దాకా స్వేచ్ఛ ఇస్తే, వాళ్లలో ఎక్కువమంది ఎంచుకునేది ఈ .32నే. ఆ విభాగంలో మన జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో 590 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డుని అందుకుని స్వర్ణం తెచ్చాడు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చింది. ఆ పోటీలో వాడేది .22, అందరూ పిల్లల తూటా అని తీసిపారేసేది.

పోటీ కాగితం మీద కదా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేరు కదా అంటారు. వేరే. అప్పుడు చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతుంది, గురి ఇంకా తప్పుతుంది. కాబట్టి అప్పుడు ఇంకా మెత్తటి తూటాయే కావాలి.

వేగం సంగతీ ఇంతే. 1932లో ఎడ్ మెక్‌గివర్న్ అనే ఆయన స్మిత్ అండ్ వెస్సన్ .38 రివాల్వర్‌తో ఐదు గుళ్లు 0.45 సెకన్లలో కాల్చాడు, అయిదూ ఒక వెండి అర డాలరు బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. అప్పటికి ఆయనకి యాభై దాటాయి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకొకటి. ‘డర్టీ హ్యారీ’ 1971లో వచ్చి .44 మాగ్నమ్ మీద ప్రపంచానికి మోజు పుట్టించింది. రెండేళ్లకి వచ్చిన రెండో సినిమా ‘మాగ్నమ్ ఫోర్స్’లో అదే హ్యారీ తన పెద్ద తుపాకీలో తేలిక స్పెషల్ తూటా వేస్తానని, అదుపు బాగుంటుందని చెబుతాడు. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. .44కీ ఇదే వరస. 1907 నాటి .44 స్పెషల్‌కి ఒత్తిడి హద్దు 15,500, దాన్ని సాగదీసిన మాగ్నమ్‌కి 36,000. .44 ఇష్టమైనవాళ్లు కూడా పెద్దది కొని స్పెషల్ వేసుకోండి.

తుపాకీకీ, చెవికీ

1955లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19 చేతికి ఎంతో అందంగా అమరే మాగ్నమ్ రివాల్వర్. మధ్యస్థ ఫ్రేమ్‌లో ఇమిడించడం కోసం బారెల్ వెనక కొసని అడుగున కాస్త చదునుగా చెక్కాల్సొచ్చింది. అక్కడ ఉక్కు పల్చన. పోలీసులు దాన్ని .38తో సాధనకీ, అప్పుడప్పుడూ మాగ్నమ్‌కీ వాడినంత కాలం బాగానే ఉంది. వేగంగా పోయే 125 గ్రెయిన్ల మాగ్నమ్ తూటాలు పెట్టెలకి పెట్టెలు కాల్చడం మొదలెట్టాక కొన్నిటికి సరిగ్గా ఆ పల్చని చోటే పగులు వచ్చింది. 1980ల మొదట్లో కంపెనీ ఇంకా పెద్ద ఎల్ ఫ్రేమ్ తేవాల్సి వచ్చింది. పాత మోడల్ 19 ఎక్కడైనా మంచి ధరకి దొరికితే సంతోషంగా కొనండి, జీవితాంతం .38 వేయండి. మీ పిల్లలకీ పనికొస్తుంది.

చెవుల మాట. రెండు తూటాల శబ్దమూ 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క గుండుకే వినికిడి దెబ్బతినే స్థాయి అది. .38 మెత్తనిది కదా అని చెవి కప్పులు లేకుండా కాల్చకండి. నాలుగు గోడల మధ్య మాగ్నమ్ ఇంకా ఘోరం. రాత్రి చీకట్లో పొట్టి బారెల్‌లోంచి వచ్చే ఆ మంట కాసేపు కళ్లని కూడా పనికిరాకుండా చేస్తుంది. పడగ్గదిలో, అర్ధరాత్రి, చెవి కప్పులు లేకుండా మాగ్నమ్ కాలుస్తానని అనుకునేవాళ్లు దాన్ని రేంజ్‌లో కప్పుల మీద కప్పులు పెట్టుకుని విన్నారు కాబట్టి అలా అనుకుంటున్నారు.

అయితే మెత్తనిది అంటే ప్రమాదం లేనిది అని ఎవరూ అనుకోవద్దు. అమెరికా ఇళ్ల గోడలు చెక్కా జిప్సం అట్టా. .38 గుండు కూడా వాటిని దాటుకుని పక్క గదిలోకి పోతుంది. ఆ గదిలో ఎవరు పడుకుంటారో తెలిసి ఉండాలి. తుపాకీ తాళం ఉన్న పెట్టెలోనే ఉండాలి, పిల్లలకి ఆ తాళం నంబరు తెలియకూడదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఆ పెట్టె ఏమిటో ముందే చెప్పాలి.

హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లయితే ఇదంతా పక్కన పెట్టండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో చెప్పాల్సింది లాయరు, స్నేహితుడు కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

మాగ్నమ్ నింపాల్సిన రోజు

అలాంటి రోజూ ఉంటుంది. అలాస్కాలోనో మోంటానాలోనో ఎలుగుబంట్లు తిరిగే అడవిలోకి నడిచి వెళ్తుంటే .38 తీసుకెళ్లకండి. అక్కడ బరువైన గుండున్న మాగ్నమ్ కావాలి, వీలైతే .44. దానికన్నా ముందు ఎలుగుబంటి స్ప్రే కావాలి. రివాల్వర్‌తో జింకల వేటకి వెళ్లేవాళ్లకీ అంతే. జంతువుని సగం చంపి వదిలేయడం పాపం, చట్టం కూడా ఊరుకోదు. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి .38తో చెయ్యి తయారయ్యాక, ఒక వారం మాగ్నమ్‌తో నాలుగైదు సిలిండర్లు కాల్చి, ఆ ఖాళీ గొట్టాల పరీక్ష మళ్లీ చేసుకోండి. మూతి కదలకపోతే వెళ్లండి.

ఆ వారం మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. .38 గొట్టం పొట్టిది కాబట్టి, మాగ్నమ్ గదిలో దాని ముందు కొస దగ్గర మసీ సీసమూ గట్టిపడి ఒక వలయంలా పేరుకుంటుంది. ఆ వలయం మీదికి పొడవైన మాగ్నమ్ గొట్టం వస్తే చివరిదాకా పోదు, లేదా బలవంతంగా తోస్తే పోయి, కాల్చాక బయటికి రానని మొరాయిస్తుంది. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి. ఆరు గదుల్లోనూ సాల్వెంట్ రాసి పది నిమిషాలు వదలండి. ఇత్తడి బ్రష్‌ని లోపల తిప్పుతూ వలయం ఉన్న చోట ఆపి ఎక్కువసేపు రుద్దండి, బారెల్ బ్రష్ కన్నా ఒక సైజు పెద్దదైతే తొందరగా వస్తుంది. గుడ్డముక్కతో తుడిచి వెలుతురుకి పట్టి చూడండి, గోడ కొసదాకా ఒకే మెరుపుగా ఉండాలి. రేంజ్‌కి వెళ్లాక ఒక మాగ్నమ్ తూటాని మూతి కిందికున్న రివాల్వర్‌లో ఒక్కో గదిలోకీ వదలండి. వేలితో నొక్కకుండా దాని బరువుకే అది పూర్తిగా లోపలికి కూర్చుంటేనే సిలిండర్ మూయండి.